ఊపిరికి కాలదోషము పట్టునా?

ప్రామిసరీ నోటునకు మూడేండ్లలో కాలదోషము పట్టునని మన పల్లెలలో షావుకారునకును తెలియును, ఋణస్థునకును తెలియును. గడువు తీరకమునుపే షావుకారు నోటు తిరుగ వ్రాయించుకొనును, కాదేని దావా వేయును. అప్పిచ్చిన తేదీ, ఇచ్చిన మొత్తము, పుచ్చుకొన్నవాని చేవ్రాలు కాగితముమీద నున్నవి గనుక ఈ నియమమునందు అన్యాయము లేదు. కాని కార్మికుని రొమ్ములోనికి విషధూళి ప్రవేశించిన దినమున నోటు వ్రాసిన దెవ్వరు? చేవ్రాలు చేసిన దెవ్వరు? ఆ ధూళి ఇరువది ముప్పది యేండ్లు, ఒక్కొక్కచో నలుబది యేండ్లు, అలికిడి లేక లోలోపల దాగియుండి, అతడు పని చాలించుకొని మనుమలతో కూర్చుండు వేళకు వెలువడి గొంతు పట్టుకొనును. అప్పు డతడు రొప్పుచు రోజుచు న్యాయస్థానపు మెట్లెక్కినచో, ‘నీ దావాకు కాలదోషము పట్టినది, పొమ్ము’ అనుట న్యాయమా? రోగము తెలియకమునుపే హక్కు చచ్చునట్లు వ్రాసిన శాసనమును శాసన మనవచ్చునా?

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. ధనమునకును క్రమపాలనకును పేరుపడిన స్విట్జర్లాండు దేశమున ఇట్లే జరిగినది. అచ్చట నొక యంత్రకార్మికుడు తన యౌవనమంతయు యంత్రశాలలో రాతినార ధూళి నడుమ గడపెను. 1978 వరకైనను ఆ ధూళి అతడు పీల్చినట్లు లెక్క. ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు పుట్టు ఘోరమైన పుట్టకురుపు అతనికి గలదని వైద్యులు కనుగొన్నది 2004లో. 2005లో అతడు మృతినొందెను. ఆ దేశపు కోర్టులు ఏమనినవి? ధూళి పీల్చిన చివరి దినమునుండి పదియేండ్లలోపల దావా వేయవలసినది, వేయలేదు గనుక హక్కు పోయినదనినవి. అనగా 1988లోనే అతని హక్కు చచ్చినది. అతని రోగము బయటపడినది మరి పదునారేండ్లకు! పుట్టని బిడ్డకు తద్దినము పెట్టినట్లున్నది ఈ న్యాయము.

అతని భార్యయు కుమార్తెలును ఊరకుండలేదు. స్ట్రాస్‌బర్గు నగరమున గల ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోయిరి. 2014 మార్చి 11వ తేదీన ఆ న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పెను. తనకు రోగమున్నదని ఎరుగజాలని స్థితిలో మనుష్యు డున్నాడని శాస్త్రము నిరూపించినప్పుడు గడువు లెక్కించువారు ఆ సంగతిని గమనింపవలెననియు, గమనింపనిచో న్యాయస్థానపు తలుపు అతని మొగముమీద మూసినట్లే యగుననియు ఆ తీర్పు సారాంశము. తీర్పు వెలువడిన పిమ్మట స్విట్జర్లాండు తన శాసనమును మార్చుకొని, 2020 జనవరి మొదటి తేదీనుండి దేహహానికి సంబంధించిన దావాలకు గడువును ఇరువది యేండ్లకు పెంచెను. రోగము నలుబది యేండ్లు దాగునప్పుడు ఇరువది యేండ్ల గడువు చాలునా యను ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది. రాతినార ఫ్యాక్టరీ ప్రక్కన బాల్యము గడపి ఆ రోగముచేతనే మరణించిన మరియొకని విషయమున 2024లో అదే న్యాయస్థానము ఆ దేశమును మరల తప్పుపట్టినది. అయినను ఒక్క కార్మికుని కుటుంబము ఒక రాజ్యపు శాసనమును కదల్చగలిగినదను మాట చిన్నది కాదు.

రాతినార యనగా నేమో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషున అస్బెస్టాసు అనుచున్నది ఇదియే. నిప్పున కాలని, నూలువలె వడుకవచ్చు ఈ రాయి భూమినుండి తీయబడి బాయిలర్లకు, గొట్టములకు, బ్రేకులకు, అన్నిటికంటె ఎక్కువగా ఇండ్లపై పరచు సిమెంటు రేకులకు వాడబడుచున్నది. దీని హాని నిన్న మొన్న తెలిసినది కాదు. మన దేశము ఉప్పు సత్యాగ్రహమున మునిగియున్న 1930లోనే, ఇంగ్లండులో మెరివెదరు, ప్రైసు అను ప్రభుత్వాధికారులు రాతినార ఫ్యాక్టరీలలో 363 మంది కార్మికులను పరీక్షించి, 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడినట్లు తేల్చిరి. మరుసటి సంవత్సరమే ఆ ప్రభుత్వము ధూళిని అణచుటకు నిబంధనలు చేసెను. 1955లో ఊపిరితిత్తుల పుట్టకురుపునకును, 1960లో వాని పై పొరకు పుట్టు పుట్టకురుపునకును రాతినార కారణమని వైద్యశాస్త్రము చాటినది. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము, పనిచోట పీల్చిన రాతినారవలన లోకమున ఏటేట రెండు లక్షలకు పైగా జనము మరణించుచున్నారు. ఇంత తెలిసిన పిమ్మట ‘మాకు తెలియదు’ అను మాట ఏ ప్రభుత్వము నోటను రాదగదు.

ఆ మాటనే అనబోయి మాల్టా ప్రభుత్వము భంగపడినది. మధ్యధరా సముద్రములోని ఆ చిన్న ద్వీపమున ఓడలు మరమ్మతు చేయు రేవొకటి యుండెను. ఒకప్పు డది ఆంగ్ల నౌకాదళపు రేవు. పిమ్మట స్వతంత్ర మాల్టా ప్రభుత్వపు సొత్తు. పాత ఓడల బాయిలర్లకును గొట్టములకును చుట్టిన రాతినారను చేతులతో ఊడబెరుకుట, కొత్తది చుట్టుట అచ్చటి కార్మికుల నిత్యకృత్యము. 1950, 60 సంవత్సరముల ప్రాంతమునుండి ఈ శతాబ్దారంభమువరకు వారు ఆ ధూళి పీల్చిరి. వారిలో నొకడు 2006లో పుట్టకురుపుచే మరణించెను. తక్కినవారిలో పలువురకు ఊపిరితిత్తులు చెడినవి. 2009లో వారు తమ దేశపు రాజ్యాంగ న్యాయస్థానముల నాశ్రయించిరి. ‘ముందు మామూలు కోర్టులో దావా వేసి రండు’ అని 2011లో వారిని త్రిప్పి పంపిరి. మామూలు కోర్టులోనో, పడిన వేదనకు పరిహారమిచ్చు శాసనమే లేదు. ఈ తలుపు తట్టిన ఆ తలుపనుట, ఆ తలుపు తట్టిన ఈ తలుపనుట: ఈ ఆట మనకును క్రొత్తది కాదు గదా!

వారును స్ట్రాస్‌బర్గునకే పోయిరి. 2014 జూలై 24వ తేదీన తీర్పు వెలువడెను. తెలిసిన వెంటనే చేయవలసినది చేసితిమనియు, ముసుగులు పంచితిమనియు ప్రభుత్వము వాదించినది. న్యాయస్థానము ఆ వాదమును మన్నింపలేదు. శాస్త్రజ్ఞులు వ్రాసినది చదువుట ప్రభుత్వమునకు విధి గనుక, 1970 దశకారంభమునుండియైనను ఈ హాని దానికి తెలిసియుండవలెననినది. 1979లో మరణించిన మరియొక రేవు కార్మికుని విషయమున మాల్టా కోర్టే 1989లో రేవు యాజమాన్యమును బాధ్యునిగ నిర్ణయించిన సంగతిని ఎత్తిచూపినది. పంచిన ముసుగులు ఆ ధూళిని ఆపజాలనివనియు, చాలినంత సమాచారము కార్మికులకు అందనే లేదనియు తేల్చినది. మరణించినవాని విషయమున జీవించు హక్కు భంగమైనదనియు, తక్కినవారి విషయమున స్వకీయ జీవితమునకు, గృహమునకు గల రక్షణ భంగమైనదనియు నిర్ణయించి, మృతుని కుటుంబమునకు 30,000 యూరోలు, తక్కినవారికి అంతకు తక్కువ మొత్తములు ఇప్పించెను.

ముప్పదివేల యూరోలకు ప్రాణము రాదు. ఆ సంగతి ఆ కుటుంబమునకు మనకంటె బాగుగ తెలియును. అయినను ఈ తీర్పునందు గమనింపదగినవి రెండు గలవు. మొదటిది: రేవు ఆంగ్లేయుని చేతినుండి స్వదేశీయుని చేతికి మారినది గాని ధూళి మారలేదు. జెండా మారినంతమాత్రమున కార్మికుని రొమ్ము బాగుపడదు. స్వరాజ్యమనగా పాలకుని రంగు మారుట కాదు, పాలితుని ప్రాణమునకు విలువ పెరుగుట. ఈ మాట మన జాతీయోద్యమము నేర్పినదే. దానిని మరచినది మనమే. రెండవది: కార్మికునకు ఇచ్చునది ధర్మము కాదు, భిక్షము కాదు, హక్కు. ప్రభుత్వము స్వయముగ ఫ్యాక్టరీ నడపినను, పరులచే నడపించినను, ప్రాణహాని గల పనియందు తగిన శాసనము చేయుట, దానిని అమలుపరచుట, అపాయమును ముందుగ చెప్పుట దాని విధి. చేయనిచో అది బోనులో నిలువవలెను.

ఇక మన యింటి సంగతి చూతము. ధర్మవాక్యములకు మనకు కొరత లేదు. 1995 జనవరిలో మన సుప్రీంకోర్టు రాతినార కార్మికుల విషయమున గొప్ప తీర్పు నిచ్చినది. దానిని వ్రాసినవాడు మన తెలుగువాడు, జస్టిస్ కె. రామస్వామి. కార్మికుని ఆరోగ్యము రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కునందు అంతర్భాగమని ఆయన నిర్ణయించెను. ప్రతి కార్మికుని ఆరోగ్యపు లెక్కను పనిలో చేరినది మొదలు నలుబది యేండ్లవరకు గాని, పని మానిన పిమ్మట పదునైదేండ్లవరకు గాని, ఏది తరువాత వచ్చిన నంతవరకు, యజమాని భద్రపరుపవలెనని ఆజ్ఞాపించెను. స్ట్రాస్‌బర్గు జడ్జీలకంటె పందొమ్మిదేండ్లు ముందుగ మనవాడు ఈ రోగపు దీర్ఘస్వభావమును గ్రహించెను. కాని తీర్పు పుస్తకమున నున్నది. ధూళి గాలిలో నున్నది. కంట్రాక్టరు తెచ్చు కూలి పేరు హాజరుపట్టీలోనే యుండదు. వాని ఆరోగ్యపు లెక్కను నలుబది యేండ్లు దాచువా రెవ్వరు?

అంతకంటె వింత యింకొకటి కలదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమున రాతినార గనులుండెడివి. కార్మికుల ఆరోగ్యమునకు చెరుపు గనుక కొత్త గనుల కౌళ్లు ఇచ్చుటయు, పాతవి పునరుద్ధరించుటయు ప్రభుత్వమే ఆపివేసినది. మంచిది. కాని అదే నారను రష్యా మొదలగు దేశములనుండి ఓడలమీద తెప్పించుకొని రేకులు చేయుటకు మాత్రము అభ్యంతరము లేదు. పులివెందుల రాయి విషము, రష్యా రాయి అమృతమా? గనిలో త్రవ్విన చంపునది ఫ్యాక్టరీలో కలిపిన చంపదా? ఐరోపా సమాఖ్య 2005నుండి దీనిని పూర్తిగ నిషేధించినది. ఫ్రాన్సు దేశము క్లెమాన్సో యను తన పాత యుద్ధనౌకను దానిలోని రాతినారతో గూడ విరుగగొట్టుటకు గుజరాతులోని అలంగు తీరమునకు పంపినది. 2006లో అలజడి రేగి, ఆ దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానమే ఆపిన పిమ్మట గాని వెనుకకు పిలువలేదు. తమ రొమ్మునకు పనికిరానిది మన రొమ్మునకు పనికివచ్చునని వారు తలచుటలో ఆశ్చర్యము లేదు. మనమే అట్లు తలచుట ఆశ్చర్యము.

‘రేకు పేదవాని కప్పు, దానిని నిషేధించిన పేదవాడు ఎండకెండి వానకు తడియును’ అని యొక వాదము. పేదవానిపై ఈ జాలి రేకులమ్మువారికే ఎక్కువగ కలుగుట చూడుడు! రాతినార లేకయే సిమెంటు రేకులు చేయు పద్ధతులు కలవు. నిషేధించిన దేశములలో జనులు కప్పులేక తిరుగుటలేదు. పేదవానికి చవుకగ కప్పు కావలెను, నిజమే. ఆ చవుకదనపు వెల మరియొక పేదవాని ఊపిరితో చెల్లింపవలెనా? ‘జాగ్రత్తతో వాడిన తెల్ల రాతినార హాని చేయదు’ అని రెండవ వాదము. తెల్లనిదైనను నల్లనిదైనను అన్ని విధముల రాతినారయు పుట్టకురుపు పుట్టించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనసంస్థయే నిర్ణయించినది. అదియుగాక, వీధిచివర రంపముతో రేకు కోయు కుర్రవానికి, తుపానుకు విరిగిన రేకులను ఏరు ముసలిదానికి ఆ జాగ్రత్త నేర్పువా రెవ్వరు? అపాయకర రసాయనముల వ్యాపారమునకై యేర్పడిన రాటర్‌డాం ఒడంబడికలో తెల్ల రాతినారను చేర్చు ప్రతిపాదన 2006నుండి మాటిమాటికి వీగిపోవుచున్నది. చేర్చినచో కలుగునది నిషేధము కాదు. దిగుమతి చేసికొను దేశమునకు అపాయము ముందుగ తెలుపవలెననుట మాత్రమే. ఆ పాటి హెచ్చరికకును అడ్డుపడిన దేశములలో ఒకప్పుడు మనదియు నుండెననుట సిగ్గుచేటు.

మానవహక్కుల న్యాయస్థానము మనకు లేదా యని పాఠకు లడుగవచ్చును. ఐరోపాకు ఒకటి కలదు. అమెరికా ఖండములకు కోస్టారికాలో ఒకటి కలదు. ఆఫ్రికాకు టాంజానియాలో ఒకటి కలదు. ఆసియా ఖండమునకు మాత్రము లేదు. లోకములోని జనమున సగమునకు మించి నివసించు ఖండమిది. ఐక్యరాజ్యసమితి పౌరహక్కుల ఒడంబడికను 1979లో అంగీకరించిన మన దేశము, ఆ సమితి సంఘమునకు వ్యక్తులు నేరుగ ఫిర్యాదు చేసికొను వీలిచ్చు అనుబంధమును అంగీకరింపలేదు. కనుక బయట తలుపు లేదు. ఇంటి తలుపు మాటేమి?

1993లో మనము మానవహక్కుల రక్షణ చట్టము చేసికొంటిమి. దాని 30వ సెక్షన్ ప్రకారము ప్రతి జిల్లాయందును ఒక సెషన్సు కోర్టును మానవహక్కుల కోర్టుగ నిర్ణయింపవచ్చును. పేరు వినుటకు ఎంత ఇంపుగ నున్నది! కాని ఏ నేరములు మానవహక్కుల నేరములో, విచారణ ఏ పద్ధతిని సాగవలెనో ఆ చట్టము చెప్పలేదు. గుడి కట్టి విగ్రహము పెట్టుట మరచినట్లైనది. ఇక మానవహక్కుల కమిషన్ కలదు. అది విచారించి సిఫారసు చేయును, ఆజ్ఞాపింపజాలదు. అన్నిటికంటె ఘోరమైనది 36వ సెక్షన్. హక్కు భంగము జరిగిన దినమునుండి ఒక్క సంవత్సరము దాటినచో కమిషన్ ఆ సంగతి విచారింపరాదట! స్విట్జర్లాండు పదియేండ్ల గడువు అన్యాయమని స్ట్రాస్‌బర్గు తీర్పు చెప్పినది. మనది ఒక్క యేడు. నలుబది యేండ్లు దాగు రోగమునకు ఒక్క యేటి గడువు!

ఈ లోపముల నడుమను న్యాయము పొందినవా రున్నారు. వారు పడిన పాట్లే లోపములకు సాక్ష్యము. మధ్యప్రదేశములోని ఝాబువా, అలీరాజపురము ప్రాంతముల ఆదివాసులు కూలికై గుజరాతులోని గోధ్రా ప్రాంతమునకు పోయి, పలుగురాయి పొడిచేయు ఫ్యాక్టరీలలో పనిచేసి, ఆ తెల్లపొడి పీల్చి ఇండ్లకు తిరిగివచ్చి వరుసగ మరణించిరి. 238 మంది మృతుల కుటుంబములకు తలకు మూడు లక్షల రూపాయలు ఇయ్యవలెనని జాతీయ మానవహక్కుల కమిషన్ 2010లో గుజరాతు ప్రభుత్వమునకు సిఫారసు చేసెను. సిఫారసు సిఫారసుగనే యుండెను. 2016లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించిన పిమ్మట గాని అది ఆజ్ఞ కాలేదు. ఆరేండ్లు! కమిషన్ మాటకు శాసనబల మున్నచో ఈ ఆరేండ్లు మిగిలియుండెడివి. ఊపిరాడని తండ్రిని మంచముమీద నుంచుకొన్న యింటికి ఆరేండ్లనగా నేమో లెక్కలు వ్రాయువారికి తెలియదు.

కావున మేము కోరునది స్పష్టము. ధూళివలన, విషవాయువులవలన, రసాయనములవలన కలుగు రోగములకు గడువు రోగి తన రోగమును, దాని కారణమును ఎరిగిన దినమునుండియే లెక్కింపబడవలెను. 36వ సెక్షన్ ఆ మేరకు సవరింపబడవలెను. కమిషన్ సిఫారసును నిర్ణీతకాలములో అమలుపరుపని ప్రభుత్వము కోర్టునకు సంజాయిషీ చెప్పవలెను. జిల్లా మానవహక్కుల కోర్టులకు నేరముల పట్టికను, విచారణ పద్ధతిని శాసనము చేకూర్చవలెను. రాతినార దిగుమతి ఆగవలెను. ఆ పనిలో నున్నవారికి వేరు పని చూపవలెను. 1995నాటి తీర్పు ప్రకారము నలుబది యేండ్ల లెక్కలు ఎచ్చట నున్నవో ప్రతి రాష్ట్రప్రభుత్వమును ప్రజల ముందు పెట్టవలెను. వీనిలో ఏ యొక్కటియు ఖజానాను ముంచునది కాదు.

‘పరిశ్రమలు పారిపోవును’ అని బెదరించువారు లేకపోరు. 1984లో భోపాలు, 2020 మే 7న మన విశాఖపట్టణము చూచినవారికి ఈ బెదరింపు చెల్లదు. కార్మికుని ఊపిరిని పెట్టుబడిగ పెట్టి లాభము తీయు పరిశ్రమ పారిపోయిన దేశమునకు నష్టమేమి? ఊపిరిని కాపాడి లాభము తీయగలది ఎచ్చటికిని పారిపోదు.

ఈ పని ప్రభుత్వమునకే విడిచిన జరుగదు. ప్రతి పట్టణమునను ప్లీడర్లున్నారు. ఒక్కొక్కరు ఏడాదికొక్క కార్మికుని కేసు ఫీజులేక చేపట్టవచ్చును. వైద్యు లున్నారు, దగ్గుతో వచ్చిన ప్రతి ముసలివానిని ‘క్షయ’యని మందిచ్చి పంపక, ‘నాయనా, ఎచ్చట పనిచేసితివి? ఎన్నాళ్లు చేసితివి?’ అని అడిగి ఆ మాట చీటిలో వ్రాయవచ్చును. ఆ యొక్క పంక్తియే రేపు కోర్టులో సాక్ష్యమగును. గ్రంథాలయములందు పత్రికలు చదువు విద్యావంతులున్నారు. రాతిపొడి, రాతినార, రసాయనముల పనికి పోవు కూలీల పేర్లు, చేరిన తేదీలు, యజమాని పేరు ఒక పుస్తకమున వ్రాసి ఉంచవచ్చును. యజమాని వ్రాయని లెక్క ఊరు వ్రాయవలెను. మాల్టా కార్మికులు చేసినది అసాధ్యమైన ఘనకార్యము కాదు. ఒకరి కొకరు సాక్షులై నిలిచి, త్రిప్పి పంపిన ప్రతిసారియు మరియొక తలుపు తట్టిరి. షావుకారు తన నోటును ఎంత జాగ్రత్తగ కాపాడుకొనునో, కార్మికుని ఊపిరి లెక్కను మన మంత జాగ్రత్తగ కాపాడిననాడు దానికి కాలదోషము పట్టించు ధైర్యము ఏ శాసనమునకును ఉండదు.